గేటు దగ్గర పెట్టిన సంతకం

మా అయ్య తవిటయ్య రాసిన వీలునామా ఒక్కటే పేజీ. మావాళ్లు ఈ హిందీ దేశానికి వలస వచ్చి కట్టుకున్న భుయ్యాడీహ్ బస్తీలోని రెండు గదుల ఇల్లు పోలమ్మకు చెందాలని అందులో ఉంది. ఆ పోలమ్మను నేనే. అయ్య పోయి పదకొండు రోజులు కాకముందే ఆయన అన్న కొడుకు బలరామ్ వచ్చి ముందుగదికి తాళం వేసేశాడు.

"ఏటిరా ఈ పని?" అన్నాను.

"దీదీ, కాగజ్ సే ఖూన్ నహీ బదల్తా," అన్నాడు. కాగితం రాసినంత మాత్రాన రక్తం మారిపోదట.

వాడన్నది అబద్ధమేమీ కాదు. మా అమ్మ సింహాచలమ్మను అయ్య మారుమనువు చేసుకున్నాడు. నాలుగేళ్ల పిల్లనప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని నేనూ ఆ గుమ్మం ఎక్కాను. అమ్మ పోయాక కూడా అయ్య నన్ను వదల్లేదు. మెట్రిక్ దాకా చదివించాడు, కుట్టుమిషన్ కొనిపెట్టాడు. కానీ చట్టం లెక్కలో నేను ఆయనకు ఏమీ కాను. వీలునామా నిలబడకపోతే ఇల్లు బలరామ్‌ది, నేను మిషన్ నెత్తిన పెట్టుకుని వీధిలోకి నడవాలి. పోలమ్మ మంచిదే గానీ మొండిఘటం అని మా వీధిలో అంటారు. మంచి సంగతి నాకు తెలియదు, రెండోది మాత్రం నిజం. కోర్టుకు వెళ్లాను.

వీలునామా రాసి పెట్టెలో దాచుకుంటే చాలదని వకీలు చెప్పాడు. కోర్టు దాన్ని విచారించి, ఇది ఆయన రాసిందే అని ముద్ర వేసి ఇవ్వాలి. దాన్నే ప్రొబేటు అంటారు. అది రావాలంటే ఇద్దరు సాక్షులూ గట్టిగా నిలబడాలి. మొదటి సాక్షి సీతారామరావు మాస్టారు. వీలునామా రాసిపెట్టింది కూడా ఆయనే. ఆదివారం పొద్దున్న పది గంటలకు తన ఎదుటే తవిటయ్య సంతకం పెట్టాడని కోర్టులో చెప్పి వచ్చేశారు. రెండో సాక్షి చిన్నారావు బాబాయ్, అయ్యతో ప్లాంటులో కలిసి పనిచేసినవాడు. రెండు వాయిదాలకు ఆయన అజాపజా లేదు. మూడోసారి కూడా రాకపోతే ఆశ వదులుకోమన్నాడు వకీలు.

బర్మామైన్స్ బస్తీకి వెళ్లి ఆయన ఇంటి ముందు కూర్చున్నాను. గంట తర్వాత ఆయనే తలుపు తీశాడు.

"నామీద కోపమేటి బాబాయ్?"

"కోపం కాదమ్మా, బయ్యం. నీ వకీలు నాకు పాటం నేర్పినాడు. మాస్టారింట్లో ముగ్గురం కూకున్నాం, తవిటయ్య మావ సంతకం పెడతంటే కళ్లారా సూసినాను అని సెప్పాలట. ఆయేల నాను పొద్దుటి షిఫ్టు డూటీలో ఉన్నాను. ఆరుకెల్లినోణ్ణి రెండుకి బయటకొచ్చినాను. హాజరీ పుస్తకం తీత్తే దొరికిపోనా?"

"మరి సంతకం ఏడ పెట్టినావు?"

"ప్లాంటు గేటు కాడ. మావ సైకిలేసుకొచ్చి నిలబడ్డాడు. కాగితం సీటు మీద పెట్టి సంతకం సెయ్యమన్నాడు, సేసీసినాను."

చూడని సాక్షితో కేసు నిలవదనుకున్నాను. కానీ ఆయన్ని ఏమని తిట్టను? ప్లాంటులో పనిచేసే మావాళ్లంతా అంతే. ఒకడు డ్యూటీ దిగే వేళకు ఇంకొకడు ఎక్కుతాడు. పెళ్లి మాటలైనా, యూనియన్ అర్జీలైనా సైరన్ మోగాక గేటు దగ్గరే తెమలాలి. ముగ్గురిని ఒక గదిలో కూర్చోబెట్టాలంటే ఎవడో ఒకడు నాగా పెట్టాలి. అందుకు అయ్య ఒప్పుకునే రకం కాదు.

ఒక్క అబద్ధం ఆడు బాబాయ్ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూస్తే సిగ్గేసింది. అయ్య నిజంగా ఇచ్చినదాన్ని నేను అబద్ధమాడించి తీసుకోవాలా?

"జరిగిందే సెప్పు. కానీ రావాల," అన్నాను.

"ఓడిపోతావే గుంటా."

"ఓడితే కోర్టులో ఓడతాను. ఇంట్లో కూకుని ఓడను."

సంగతి విని వకీలు నెత్తి కొట్టుకున్నాడు. సాక్షికి ఇంకోసారి పాఠం చెబితే వేరే వకీలును చూసుకుంటానని నేనూ గట్టిగానే చెప్పాను. ఆయన కాసేపు గొణుక్కుని లావుపాటి పుస్తకం తిరగేశాడు. సంతకం పెడుతుంటే సాక్షి చూసి తీరాలని లేదట. వీలునామా ఎవరిదో ఆ మనిషే స్వయంగా 'ఈ సంతకం నాది' అని చెప్పి, తన ఎదుట సాక్షి చేత సంతకం పెట్టించుకున్నా చట్టానికి చాలట.

"మీ అయ్య ఆ మాట అన్నాడా లేదా? వెళ్లి కనుక్కో," అన్నాడు.

"వెళ్లను. మీరు నేర్పిన ముక్కకే మనిషి రెండు నెలలు దాక్కున్నాడు. నేనెళ్లి అడిగితే అదీ నేర్పినట్టే అనుకుంటాడు. మీరు కోర్టులోనే అడగండి."

వారం తిరిగేసరికి మూడో వాయిదా వచ్చింది.

చిన్నారావు బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బలరామ్ వకీలు హాజరీ కాగితం ఆడిస్తూ, ఆ పది గంటలకు నువ్వెక్కడున్నావని అడిగాడు. డ్యూటీలో ఉన్నానని ఒప్పుకున్నాడు బాబాయ్. తవిటయ్య సంతకం పెట్టడం చూడలేదనీ ఒప్పుకున్నాడు. బలరామ్ నా వైపు తిరిగి నవ్వాడు. మా వకీలు లేచాడు.

"చూడకుండానే ఎలా సంతకం పెట్టావు?"

"ఊరికే ఎలా పెడతాను బాబూ? అడిగినాను. ఇదెవలి సంతకం మావా అంటే, నాదేరా, పొద్దున్న మాస్టారి కాడ పెట్టినాను అన్నాడు. ఏటి కాగితం అన్నాను. ఇల్లు రాసినాను అన్నాడు. సింహాచలమ్మ గుంటకా అన్నాను. మావకి కోపమొచ్చింది. నా కూతురికిరా అన్నాడు. తన ముందరే నాచేత పెట్టించుకున్నాడు."

జడ్జిగారికి తెలుగు రాదు. బాబాయ్ అదంతా మళ్లీ హిందీలో చెప్పాడు. "బోలా, మేరీ బేటీ కో." గుమాస్తా రాసుకున్నాడు. అయ్య బతికినన్నాళ్లూ నన్ను 'ఒసే పోలీ' అనే పిలిచాడు. కూతురని నా ఎదుట ఒక్కసారి కూడా అనలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

నాలుగు నెలలకు ప్రొబేటు వచ్చింది. దాని నకలు తీసుకోవడానికి వెళ్తే, గుమాస్తా ఫారం ముందు పెట్టుకుని తలెత్తకుండానే తండ్రి పేరు అడిగాడు.

"తవిటయ్య," అన్నాను. వరండా చివర ఉన్నవాళ్లు కూడా తిరిగి చూశారు.