తవుడు డబ్బా మీది మూత

"చూసుకుని పెట్టొద్దూ చెయ్యి!"

ఈ మాటను నా భర్త మొదట డాక్టరుతో అన్నాడు. తర్వాత చుట్టాలతో, ఆపైన మా ఇంటికి పాలకు వచ్చే ప్రతి ఒక్కరితో. గడ్డి కత్తిరించే మిషన్ నా కుడిచేతి రెండు వేళ్లు తీసుకుని ఏడాది కావస్తోంది. ఆ క్షణంలో నా మనసు ఎక్కడుందా అని అప్పటినుంచీ వెతుక్కుంటున్నాను. పొయ్యి మీది పాల దగ్గరా? అమ్మాయి పరీక్షల దగ్గరా? నేరం దొరకలేదు గానీ, నేరస్థురాలిగా బతకడం అలవాటైంది. నిందను మోయడమూ ఇంటిపనే. దానికీ సెలవు లేదు.

ఈ ఉదయం మిషన్‌కు కొత్త బ్లేడు వేయడానికి మెకానిక్ వచ్చాడు. పక్కనే నేను పశువులకు తవుడు తీస్తున్నాను. డబ్బా మీంచి ఎత్తిన రేకును చూసి అతను ఆగిపోయాడు.

"ఇదేంటక్కా, మిషన్ మూత తెచ్చి డబ్బా మీద పెట్టారు?"

"ఏ మిషన్‌ది?"

"దీనిదే. అవిగో, నాలుగు బోల్టు కన్నాలు. ఇది బిగించి ఉంటే చెయ్యి బ్లేడు దాకా పోనేపోదు."

నా భర్త నవ్వాడు. "అదుంటే గడ్డి గబగబా సాగదయ్యా. కొన్నరోజే ఊడదీసి ఆ డబ్బా మీద పారేశా."

ఆయన దాన్ని దాచలేదు. చెప్పదగ్గ విషయమని ఎన్నడూ అనుకోలేదు, అంతే. అప్పటినుంచీ, మూడేళ్లుగా, రోజుకు రెండు పూటలా ఆ రేకును ఎత్తి దించింది నేనే.

అరుగు మీద కూర్చుని అంతా వింటున్న అత్తగారివైపు చూశాను. చేత్తో తిప్పే పాత మిషన్‌లో, పెళ్లయిన కొత్తలోనే ఆమె బొటనవేలు సగం పోయింది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"తెలిసి ఏం చెయ్యను తల్లీ? నన్నూ మీ మామగారు పరధ్యానం మనిషనే అన్నారు."

ఆమె కొంగులో చెయ్యి దాచుకుంది. నాదీ కొంగులోనే ఉందని అప్పుడు గమనించి, బయటికి తీశాను.

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. "బ్లేడు వేశాను. ఎవరైనా కాస్త గడ్డి పెడితే చూసి వెళ్లిపోతా."

"అమ్మాయ్! ఇట్రా," నా భర్త కేకేశాడు. "మీ అమ్మలా దిక్కులు చూడకుండా పెట్టు."

పద్నాలుగేళ్ల నా కూతురు జడ వెనక్కి వేసుకుంటూ వచ్చి గడ్డి మోపు ఎత్తుకుంది. దాని చేతిలోని గడ్డి మోపు నేను అందుకుని, తీసుకెళ్లి ఆయన చేతుల్లో పెట్టాను.

"అది పెట్టదు. మీరు పెట్టండి."

మెకానిక్ స్విచ్ వేశాడు. నా భర్త మిషన్ నోటి దగ్గరికి వంగి, తిరుగుతున్న బ్లేడును చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మూత లేకుండానా?" అన్నాడు.