బదులు మనుషులు

నిజాంసాగర్ కాలువ నీళ్లు పారాక ఎడపల్లిలో వరి పండింది, చెరకు పండింది, చలిజ్వరమూ బాగానే పండింది. వానకాలమంతా క్వినైన్ గోలీలు మింగిన అరవై మందికి మొదట్లోనూ చివర్లోనూ నెత్తురు పరీక్షించి చూపిస్తేనే ఊరందరికీ మందు మంజూరు చేస్తామన్నారు పైవాళ్లు. ఒక్కరు తగ్గినా లేదు. నిజామాబాద్ దవాఖానా నర్సు తారాబాయి ఆ మందు తెచ్చి తీరాలని పంతం పట్టింది.

“అరవై మందిని రాసుకుందాం,” అన్నాడు డాక్టర్ దశరథం.

“అరవయ్యా! సూది చూడంగనే ఐదుగుర్ల ఒకరు ఉరుకుతరు సాబ్. గోలీలు మొదలుపెట్టినోళ్లల్ల గూడ నాలుగోవంతు నడుమల్నే పనులకు పోతరు.”

“అయితే అరవైకి నాలుగోవంతు, పదిహేను కలుపుదాం.”

“చాలదు. డెబ్భై అయిదుల నాలుగోవంతు పోతే మిగిలేది యాభై ఆరే. ఎనభై మందితోని మొదలుపెట్టాలె. ఎనభై దొరకాల్నంటే నూరుమందిని అడగాలె.”

డాక్టరు లోలోపల లెక్క వేసుకుని, నవ్వి, సరేనన్నాడు. తారాబాయి నూరు గడపలు తొక్కింది. తిట్లు తిన్నది, తిరిగి తిట్టింది, ఎనభై మందిని పట్టింది.

వానలు వెనకబట్టాయి. పరీక్ష రోజు చావడి ముందు ఎనభై మందీ కూర్చున్నారు. ఒక్కరూ పోలేదని డాక్టరు మురిసిపోయాడు. తారాబాయి మాత్రం ఒక్కొక్కరి ముఖం చూసుకుంది. ముందు కూర్చున్న మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

“నువ్వెవరివే అన్నా?”

“పోశన్నను. మా తమ్ముడు లింగం బోధన్‌ల ఫ్యాక్టరీ కట్టే పనికి పోయిండక్కా. ఆని బదులు నేనొచ్చిన.”

పటేలు పిలిస్తే ఇంటికొకరు వెట్టికి పోవాలి. ఆ మనిషి లేకుంటే బదులు మనిషి పోవాలి. దవాఖానా పిలుపూ అలాంటిదే అనుకున్నారు, పాపం.

“మందు మింగింది లింగం, నెత్తురిచ్చేది నువ్వు! మంచిగనే ఉన్నది! బదులొచ్చినోళ్లంత అటు జరుగుండ్రి!”

పద్దెనిమిది మంది లేచారు. ఇటు అరవై రెండు మంది మిగిలారు. గట్టెక్కామని డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

లేచిన పోశన్న మాత్రం అక్కడే నిలబడ్డాడు. “మా ఆని పేరు కొట్టేస్తే, మా ఇంటికి మందు రాదా అక్కా?”

“ఎందుకు రాదే! పోయెటోళ్లు పోతరని లెక్కల పట్టుకునే మొదలుపెట్టిన. మందు అందరికొస్తది.”

“గంత ముందుగాలనే నీకెట్ల ఎరుక?”

తారాబాయి మొదటి మనిషి చెయ్యి పట్టుకుని సూది తీసింది.

“నిరుడు మా తమ్మునికి గిదే జ్వరమొచ్చింది. వాడు బతుకుతడనే లెక్కపెట్టుకున్న, పోతడని పట్టుకోలే.”