మంత్రి పంపిన తిమింగలం పన్ను

విలేకరిగా మంత్రిని ఏమడగబోతున్నానో నాన్నకు ముందే చెప్పడం నా బుద్ధితక్కువ. నాన్న చర్చిలో ఎవరి దగ్గరో నోరు జారాడు. మర్నాడు పొద్దున్నే పెథేలీ మామ రాజధాని సువాలోని మా ఇంటికి వచ్చాడు, చంకలో గుడ్డమూటతో.

మామ మా అమ్మకు అన్న. మంత్రి రాతు వెసికులా తరఫున కబుర్లు మోసేది ఆయనే. ఆ మంత్రే మా ఊరి దొర కూడా.

"ఏం బావా, మా చెల్లి వంట తింటూ ఇంకా బతికే ఉన్నావా?"

"నిన్ను సాగనంపి పోదామని ఆగాను బావా," అన్నాడు నాన్న. ఇద్దరూ పకపకా నవ్వారు.

మామ మూట విప్పాడు. తిమింగలం పన్ను. నవ్వులు ఆగిపోయాయి. మామ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"దొరగారి మాట. పడవ సంగతి అమ్మాయి ఎత్తకూడదు. పుచ్చుకో బావా."

మా ఆచారంలో ఆ పన్ను పుచ్చుకుంటే అడిగింది ఇచ్చి తీరాలి. పుచ్చుకోకపోతే దొర మొహాన కొట్టినట్టే.

ఆ పడవ మునిగి ముప్పై ఒక్కమంది పోయారు. అడుగున చిల్లి ఉందని ఇన్‌స్పెక్టర్ రాసిచ్చాక కూడా వదలమని సంతకం పెట్టిందెవరు? అదే నా ప్రశ్న. ఆ కాగితం నకలు నా సంచిలో ఉంది. పది గంటలకు ప్రెస్ మీట్.

పెద్దల మాటల్లో కలగజేసుకోకూడదు కనుక గుమ్మం దగ్గరే కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, తీసుకో నాన్నా అని లోపల వేడుకున్నాను. తీసుకుంటే బతికిపోతాను, నింద నాన్న మీదికి పోతుంది. కిందటేడు ఇలాగే అడిగిన మా ఆఫీసు అతన్ని ఎవరో జీపులో ఎక్కించుకుపోయారు. తిరిగొచ్చాడు గానీ ఇప్పటికీ ఫోన్ మోగితే ఉలిక్కిపడతాడు.

నాన్న చెయ్యి లేచింది. సగంలో ఆగి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

"పోయినవాళ్ళ ఇళ్ళకి ఇలాంటివి ఎన్ని పట్టుకెళ్ళారు బావా?"

మామ తల దించుకుని పన్ను కేసి చూశాడు.

"ముందు అక్కడికి తీసుకెళ్ళు. వాళ్ళు పుచ్చుకుంటే నేనూ పుచ్చుకుంటా."

"ఊళ్ళో నీకు చోటుండదు బావా. చచ్చినా అక్కడ పాతనివ్వరు." మామ పన్నును మళ్ళీ మూటకట్టాడు. టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నాన్న నా వైపు తిరిగాడు. "భయమేస్తోందా?"

"చచ్చేంత భయం నాన్నా."

"నాకూ వేస్తోందే. లే, ఆలస్యమవుతోంది."

ప్రెస్ మీట్‌లో మంత్రి నన్ను చూసి చల్లగా నవ్వాడు. "మా ఊరి పిల్ల. ముందు నువ్వే అడుగమ్మా, ఏమడుగుతావో," అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. పన్ను వెనక్కి వచ్చిందని ఆయనకు ఇంకా తెలియదు. చెప్పడానికి మామకు ధైర్యం చాలలేదు.

కుర్చీ పట్టుకుని లేచాను. "చిల్లి ఉందని తెలిసీ ఆ పడవను వదలమన్న సంతకం మీదేనా, మంత్రిగారూ?"

ఆయన నవ్వు చెదిరింది. నా వైపు చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ పెథేలీ మామ వైపు చూశాడు.