పద్నాలుగో ద్వారం ఇవాళ ఎక్కడ?

పొద్దున్న ఆరుంబావుకి హనేజిమా స్టేషన్లో సెత్సుయో మొదట చేసే పని కెటిల్లో నీళ్లు పెట్టడం. రెండో పని, పద్నాలుగో ద్వారం ఆ వేళ ఎక్కడుందో వెతకడం. నీళ్లు మరిగేలోపు ద్వారం దొరికితే ఆమె టీ తాగుతుంది. చాలా రోజులు టీ తాగదు.

పదమూడు లైన్లు కలిసే స్టేషనది. లక్షలమంది ఒక రైలు దిగి, పరుగున నాలుగు నడవాలు దాటి, ఇంకో రైలెక్కుతారు. ముప్ఫై ఏడు ద్వారాల్లో ముప్ఫై ఆరు కట్టినచోటే బుద్ధిగా ఉన్నాయి. పద్నాలుగోది మాత్రం ఒకచోట కాలు నిలవదు. మొన్న తీరం లైను ఆరో ప్లాట్‌ఫారం చివర. నిన్న మెట్రోకి దిగే నడవాలో, పూలకొట్టు పక్కన. తన మెట్లు, రెయిలింగు, టికెట్ గేటు, గోడ మీది పసుపుపచ్చ అంకె అన్నీ వెంటేసుకుని మరీ మారుతుంది. ఎక్కడ ఎక్కినా ఆ మెట్లు తేలేది మాత్రం కజియా సందులోనే. మొదట్లో ఒక ఏడాది పైవాళ్లు కాపలా పెట్టారు, నేలకి బోల్టులు బిగించారు. తరవాత విసుగెత్తి, దాన్ని వెతికి జనానికి చెప్పే బాధ్యత ఎంక్వైరీ గదికి అంటగట్టి చేతులు దులుపుకున్నారు. ఎంక్వైరీ గది అంటే కువబరా సెత్సుయో. యాభై ఏడేళ్ల మనిషి, భర్త పోయి ఆరేళ్లు. ఈ గాజు కిటికీ వెనక ముప్ఫై ఒక్క ఏళ్లు.

సరిగ్గా ఏడింటికి పది నిమిషాలుండగా ఒరిబే కినుకో వచ్చేది. కజియా సందులో మూడు బల్లల పూటకూళ్ల కొట్టు ఆవిడది. డెబ్బై ఒకటో ఏడు, వీపున కూరల బుట్ట, కిటికీ మీద వేళ్లతో టకటకా కొట్టడం.

"ఇవాళ ఎక్కడ తగలేశారమ్మా?"

"మేం తగలెయ్యలేదు, ఒరిబే గారూ. అదే పోయింది. కొండ లైను మెట్ల కింద, టాయిలెట్ల పక్కన."

"టాయిలెట్ల పక్కనా! ఆ దారిన వచ్చి నా కొట్లో అన్నం ఎవరు తింటారు? నిన్న పదకొండు మందే వచ్చారు, తెలుసా?"

"పై ఆఫీసుకి రాసివ్వండి. ఫారం ఇస్తాను."

"తొమ్మిదేళ్లుగా నీ ఫారాలే నింపుతున్నా. పోనీ, ఎన్ని మెట్లో?"

"సుమారు నలభై. రెయిలింగు పట్టుకుని ఎక్కండి."

"నలభై కాదు, ఇరవై ఆరు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఒక్కసారి ఎక్కి చూస్తే నీ కాళ్లేమన్నా అరిగిపోతాయా?"

"రికార్డులో నలభై అని ఉందండీ."

ఏడాదికి మూడువందల రోజులు ఇదే పాట. కినుకో వెళ్లాక సెత్సుయో కిటికీ మీద పడ్డ వేలిముద్రలు గుడ్డతో తుడిచి, "ఏం మనిషో, నా ప్రాణం తోడేస్తుంది" అనుకునేది. ఇంటికెళ్తే మాట్లాడటానికి టీవీ తప్ప ఎవరూ లేరు. మొత్తం రోజులో తనతో ఎవరన్నా నాలుగు నిమిషాలకి మించి మాట్లాడారంటే అది ఈ ముసలావిడే. ఆ సంగతి సెత్సుయో ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

మార్చి మొదట్లో ఉప స్టేషన్ మాస్టరు త్సుచిదా వచ్చి, నడుం వంచి నమస్కరించి ఒక కవరు చేతికిచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లవాడు. చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే ఇంకాస్త ఎక్కువ వంగుతాడు. ఆ రోజు బాగా వంగాడు.

"నెలాఖరుకి ఈ గది తీసేస్తున్నారు, కువబరా గారూ. మూడు తెరలు పెడతారట. వేలితో తాకితే దారి చెప్తాయి."

"మరి పద్నాలుగో ద్వారం?"

"అదీ చెప్తాయంటున్నారు."

"ఎలా చెప్తాయి? పొద్దున్నే లేచి అవి వెతుకుతాయా?"

త్సుచిదా ఇంకోసారి వంగాడు. ఏప్రిల్ ఒకటి నుంచి ఆమె ఉద్యోగం తీరం లైను చిట్టచివర, ఒకిసు గోదాములో. పదమూడు లైన్లలో జనం మరిచిపోయిన గొడుగులన్నీ అక్కడికి చేరతాయి. వాటిని రంగులవారీగా విడదియ్యాలి. ఇంటి నుంచి రానూ పోనూ నాలుగు గంటలు.

"గొడుగులు నన్నేమీ అడగవు కదా. హాయిగా ఉంటుంది," అంది సెత్సుయో. అన్నాక ఆ పూటంతా ఎవరేమడిగినా ముక్తసరిగానే చెప్పింది.

మార్చి ముప్ఫై ఒకటిన, ఆఖరి రోజు, ఆమె వచ్చి గది తలుపు తీసేసరికి పద్నాలుగో ద్వారం లోపలే ఉంది.

వెనక గోడలో, కెటిల్ పెట్టే బల్లకీ బట్టల బీరువాకీ మధ్య. పసుపుపచ్చ అంకె సరిగ్గా ఆమె క్యాలెండర్ మీద. గేటు ఆమె కుర్చీకి జానెడు దూరంలో. సెత్సుయో సంచీ భుజాన ఉండగానే దాన్ని కాసేపు చూసింది.

"ఇవాళే దొరికిందా నీకు?" అంది. బోర్డు మీద 'పద్నాలుగో ద్వారం: ఈ గదిలోంచి' అని రాసి, తలుపు బార్లా తెరిచిపెట్టింది.

ఇక చూడాలి ఆ రోజు. క్షమించండి అంటూ ఒకరు, మన్నించండి అంటూ ఇంకొకరు, ఆమె కుర్చీ వెనకనించి దూరి పోవడమే. గేటు పీక్ పీక్ మంటూనే ఉంది. ఒకాయన చేతిసంచీ తగిలి టీ ఒలికింది. పాపం, ఆయనే తుడిచి వెళ్లాడు. ఇద్దరు ఆడవాళ్లు పిల్లల బండి ఎలా తిప్పాలో తెలీక పావుగంట గది మధ్యలో ఇరుక్కున్నారు. ఎవరూ ఇదేం వింత అనలేదు. గది ఇరుగ్గా ఉందని మాత్రం ఏడుగురు ఫిర్యాదు రాశారు.

కినుకో ఎప్పటి వేళకే వచ్చింది. బుట్టతో బీరువాని గీరుకుంటూ దూరింది.

"ఇంత దగ్గరికి వచ్చింది కదా, ఇవాళన్నా ఎక్కి చూడు."

"డ్యూటీలో ఉన్నానండీ."

"రేపట్నించి ఏ డ్యూటీ? గొడుగులు లెక్కపెట్టుకోవడమేగా!" గేటు దాటి నాలుగు మెట్లెక్కి, కినుకో వెనక్కి తిరిగింది. బుట్ట సర్దుకుని పైకి వెళ్లిపోయింది.

పదకొండు దాటాక మెట్ల మీదనుంచి ఒక టాక్సీ డ్రైవరు ఆయాసపడుతూ దిగొచ్చాడు.

"కిటికీ మనిషి మీరేనాండీ? కొట్టు పెద్దావిడ జారిపడ్డారు. చెయ్యి విరిగినట్టుంది. క్లినిక్కు పక్కనే ఉంది, కానీ కదలనంటున్నారు. పొయ్యి మీద పులుసు ఉందిట, మీరొస్తే తప్ప వెళ్లరుట."

"నేనా? నాకేం సంబంధం?"

"మేమూ అదే అడిగాం. ఆ కిటికీ మనిషిని పిలవండి, లేకపోతే ఇక్కడే చస్తానని కేకలేస్తున్నారు."

ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి సెత్సుయో పనివేళలో కిటికీ మూసింది. వరసలో పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. "కాసేపు ఆగండి" అని ఒక్క మాట చెప్పి, గేటు దాటి, మెట్లెక్కింది. పైకి చేరేసరికి ఒళ్లు మండిపోయింది. ఇరవై ఆరే.

కినుకో బియ్యం డబ్బాకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది, నోరు మాత్రం ఆగలేదు.

"వచ్చావా! ఆ మంట తగ్గించు. అంత కాదు. మిసో పులుసు మరగకూడదు. చేపలు ఆ పెట్టెలో ఉన్నాయి, పన్నెండింటికి ఆఫీసులవాళ్లు వస్తారు."

"ముందు మీరు ఆస్పత్రికి పదండి."

"ఉల్లికాడలు సన్నగా తరుగు!"

"వెళ్లండి!" అని సెత్సుయో అరిచింది. అంత గట్టిగా అరవడం ఆమెకే కొత్త. టాక్సీ డ్రైవరు అదాటున కినుకోని లేవదీశాడు.

పన్నెండు నుంచి రెండింటి దాకా సెత్సుయో ముప్ఫై ఎనిమిది మందికి వడ్డించింది. అన్నం రెండుసార్లు వండింది. గుమ్మం తెర కింద కొత్త మొహం కనబడగానే, "లోపల ఖాళీ లేదు, గోడవారగా వరస కట్టండి, ఎవరికేం కావాలో ఇప్పుడే చెప్పండి, మళ్లీ అడగను" అంటూ స్టేషన్ గొంతుతో ఆజ్ఞాపించింది. ఎవరూ ఎదురు చెప్పలేదు. కాలు నొప్పి పుట్టింది, వేలు తెగింది, కళ్లద్దాలకి ఆవిరి పట్టింది. ఖాళీ గిన్నె చేతికిస్తూ ఒక పెద్దాయన, "బాగుందమ్మా" అన్నాడు. ఎవరికైనా దారి చెప్తే వాళ్లు అప్పటికే పరుగులో ఉంటారు. ఇలా ఆగి చెప్పినవాళ్లెవరూ లేరు. ఆమె, "వెళ్లేటప్పుడు మెట్లు జాగ్రత్త" అంది.

కినుకో కుడిచేతికి తెల్లటి కట్టుతో తిరిగొచ్చింది. మొదట పులుసు రుచి చూసింది. తరవాత మిగిలిన ఉల్లికాడలు వేళ్లతో తిప్పి చూసింది.

"ఇవి తరిగావా, నరికావా?"

"మీరు పిలిస్తే వచ్చాను. దండం పెట్టి తీసుకోండి."

"ఆరు వారాలు కట్టు విప్పకూడదుట." కినుకో కూలబడింది. మొదటిసారి ఆవిడ గొంతు తగ్గింది. "ఆరు వారాలు మూస్తే మళ్లీ తెరవలేను, సెత్సుయో. నాకు తెలుసు. నువ్వు రా. ఆరు వారాలే కాదు, ఉండిపో."

తొమ్మిదేళ్లలో ఆవిడ పేరు పెట్టి పిలవడం అదే మొదలు. సెత్సుయో చాలాసేపు చేతులు తుడుచుకుంది.

"ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగస్తురాలిని నేను. ఆర్డరు చేతికిచ్చారు. తీరా ఇప్పుడు రానంటే ఎలా కుదురుతుంది?"

"నీ ఖర్మ. పో అయితే," అంది కినుకో.

సెత్సుయో ఇరవై ఆరు మెట్లూ దిగింది. కిందికి వచ్చేసరికి కూలీలు అప్పటికే ఆమె కిటికీ అద్దం ఊడదీస్తున్నారు.

మర్నాడు పొద్దున్న ఐదూ యాభైకి ఆమె నితానోలో ప్లాట్‌ఫారం మీద నిలబడింది. అది ఆమె ఉండే ఊరు. కొండ లైను మీద చిన్న స్టేషను. వెనకంతా క్యాబేజీ పొలం. సంచీలో గోదాము ఆర్డరు, కొత్త గుర్తింపు కార్డు. ఆరూ నాలుగు బండి ఎక్కితే గాని ఒకిసు వేళకి చేరదు.

కూల్‌డ్రింకుల మిషను పక్కన పద్నాలుగో ద్వారం ఉంది.

మెట్లు పొలంవైపు నుంచి పైకి లేచాయి, వాటి చివర కజియా సందు వెలుతురు. బ్రీఫ్‌కేసు పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, "ఇవాళ ఇక్కడా, మంచిదే" అని కార్డు తాకించి ఎక్కిపోయాడు. కినుకో కొట్టు పక్కనే తాళాల కొట్టు పెట్టుకున్నాయన, ఆయన వెంట ఇంకొకావిడ ఎక్కారు.

సెత్సుయో అటు చూడకుండా పట్టాలకేసి చూస్తూ నిలబడింది. హనేజిమా స్టేషను దాటి ఒక్క అడుగు ఎప్పుడూ బయటపెట్టని ద్వారం. పదకొండు స్టేషన్లు దాటి రావాలా, అదీ ఈ పొద్దున్నే? సిగ్గులేని ద్వారం. ఎవరడిగారు దీన్ని?

బండి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. అప్పుడే మెట్ల మీదనుంచి చేప మాడిన వాసన కిందికి దిగింది. కొంచెం మాడడం కాదు, నల్లగా బొగ్గవుతున్న వాసన. ముసలావిడ రాత్రి కొట్లోనే పడుకున్నట్టుంది, వాసన వెంట కినుకో గొంతు, ఎడంచేతిలో పట్టకారు నిలవడంలేదని దాన్ని తిట్టిపోస్తూ.

బండి అరనిమిషం ఆగుతుంది. ఆ అరనిమిషంలో సెత్సుయో ఒక కాలు బండివైపు వేసింది, వెనక్కి తీసుకుంది. తలుపులు మూసుకున్నాయి. లోపల కూర్చున్నవాళ్లు ఆమెని చూస్తూ వెళ్లిపోయారు.

"ఏం చావొచ్చిందిరా నాకు!" అని, ఆమె కార్డు గేటుకి తాకించి, గబగబా మెట్లెక్కింది. కొట్టు నిండా పొగ. కినుకో ఏదో అనేలోపే పట్టకారు లాక్కుంది. ఇంకో చేత్తో త్సుచిదాకి ఫోను చేసింది.

"త్సుచిదా గారూ, రాసుకోండి. పద్నాలుగో ద్వారం ఇవాళ నితానోలో ఉంది. మీ తెరలకి చెప్పండి."

"నితానోలోనా? అవునా, థాంక్సండీ. ఇక్కడ వెతికి వెతికి చచ్చిపోతున్నాం. కువబరా గారూ, మీరు బండెక్కారా?"

"లేదు. ఒకిసు రావడం లేదని కూడా రాసుకోండి. ఇవాళే కాదు."

అవతల త్సుచిదా ఫోన్లోనే నడుం వంచి ఉంటాడు.

"కారణం ఏమని రాయమంటారు?"

"చేప మాడుతోందని రాయండి," అని సెత్సుయో ఫోను పెట్టేసి, చేపని రెండోవైపు తిప్పింది.