మూడు కుట్లు

పిల్లి వెనకనుంచి బొటనవేలంత ఎర్రటి మాంసం వేలాడుతోంది. ఇలియం క్రెగీన్ దాన్ని పొయ్యి దగ్గరి గోనెపట్టా మీద చూసేసరికి అతని చేతులింకా గొర్రె నెత్తుటితోనే ఉన్నాయి. పొద్దున్నే రెండు గొర్రెపిల్లల కళ్ళు కాకులు పొడిచి తినేశాయి. వాటిని బండకేసి కొట్టి చంపి అప్పుడే లోపలికి వచ్చాడు.

పిల్లి నాలుగు రోజులుగా మూలమూలకూ పోయి కూర్చుని ముక్కుతోంది. ఒక్క ఉండ రాలేదు. అతను చూశాడు, చూసి ఊరుకున్నాడు. మార్చి నెల, మందంతా ఈనుతోంది. ముక్కీ ముక్కీ ఇప్పుడు పేగే బయటికి వచ్చింది.

ఆ పిల్లి అతనిది కాదు, భార్య బ్రీషీది. ఆమె పోయి నాలుగు నెలలు. ఇది కూడా పోతే ఆమె చేత్తో పెంచిన ప్రాణి అంటూ ఆ ఇంట్లో ఏదీ మిగలదు.

మాన్ దీవిలో తోకలేని పిల్లిని స్టబిన్ అంటారు. దీన్ని పిలిచేదీ అలాగే. దీనికి మొండి తోకైనా లేదు, ఆ చోట చిన్న గుంట ఉంది. తోకలేనిదాన్ని తోకలేనిదానితో జత కట్టించకూడదని అక్కడి ముసలమ్మలందరికీ తెలుసు. బ్రీషీ తమ్ముడు ఫిన్లోకీ తెలుసు. అయినా పిల్లుల పోటీలో కప్పు కోసం తన గండుపిల్లిని అక్క పిల్లి మీదికి వదిలాడు. రెండింటికీ తోకల్లేవు. నాలుగు పిల్లలు పుట్టాయి. మూడు వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ వారంలో చచ్చాయి. నాలుగోది ఇది. వెన్నెముక కొస సరిగా ఏర్పడలేదు. దొడ్డికి వెళ్ళడానికి పుట్టినప్పటినుంచీ దానికి బలం లేదు.

ఫిన్లో ఆ పూట గొర్రెల పనికి సాయం వచ్చి ఉన్నాడు. గుమ్మంలో నిలబడి పిల్లిని చూసి ముఖం చిట్లించాడు.

"గోనెలో వేసి వాగులో ముంచెయ్. అయిదేళ్ళలో ఒక్క పొడుగుతోకదాన్ని పట్టిందా ఇది?"

ఎలుక పేరు ఆ దీవిలో నోటితో పలకరు, కీడు.

"పట్టుకో దాన్ని," అన్నాడు ఇలియం.

"నా వేళ్ళు నాకు కావాలి, ఇలియం."

"మీ అక్క పిల్లి. పట్టుకో."

ఈనబోయే గొర్రెకు ఒక్కోసారి పిల్ల వచ్చే దారి బయటికి జారుతుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పంచదార చల్లి వాపు దించి, అరచేత్తో లోపలికి తోసి, మళ్ళీ జారకుండా అడ్డంగా మూడు కుట్లు బిగిస్తారు. నలభై ఏళ్ళలో ఇలియం అలా కుట్టిన గొర్రెలకు లెక్కలేదు. అలమరలోంచి పంచదార డబ్బా, గొర్రెల పెట్టెలోంచి సూదీ దారమూ తీశాడు.

ఫిన్లో పిల్లికి దుప్పటి చుట్టి మోకాలి కింద అదిమిపెట్టాడు. తడి చెయ్యి తగలగానే అది పెట్టిన అరుపుకు కుక్క బల్ల కిందికి దూరింది. దుప్పట్లోంచి తల తిప్పుకుని ఇలియం బొటనవేలు కొరికింది. కోర ఎముకదాకా దిగింది. అతను ఆ చెయ్యి దాని నోట్లోనే వదిలేసి రెండో చేత్తో మాంసాన్ని లోపలికి తోశాడు. కాసేపటికి అది వేలు వదిలింది. సూది దిగినప్పుడల్లా ఒళ్ళు విల్లులా వంచింది. మూడు కుట్లు వేసి, కొసలు పళ్ళతో లాగి ముడి బిగించాడు.

"పిల్లిని కుట్టావో గొర్రెను కుట్టావో," అని నవ్వాడు ఫిన్లో.

మర్నాటికి అది పసుపుపచ్చగా కక్కింది. పొట్ట రాయిలా ఉంది. మధ్యాహ్నం ఇలియం మేతబీడు నుంచి వచ్చేసరికి గోనెపట్టా ఖాళీగా ఉంది. వాగువైపు దిగుతున్న ఫిన్లో వీపు కనిపించింది. అతని చేతిలో మూతి కట్టిన సంచి ఉంది.

ఇలియం పరుగెత్తి, గొర్రెల్ని పట్టే కొంకికర్ర తిప్పి మోకాలి వెనక కొట్టాడు. ఫిన్లో వాగు గట్టున కూలబడ్డాడు.

"చావలేక బతుకుతోందది. అక్క ఉన్నా ఇదే చేసేది," అన్నాడు.

రెండో దెబ్బకు భుజం దగ్గర ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. ఫిన్లో ఎడమచేత్తో రాయి అందుకుని ఇలియం మూతి మీద మోదాడు. ముందు పళ్ళు రెండు నాలుక మీదికి వచ్చిపడ్డాయి. వాటిని ఉమ్మేసి ఇలియం అతని జుట్టు పట్టుకుని ముఖం నీళ్ళలో నొక్కాడు. కప్పు, నీ కప్పు, అంటూ నొక్కాడు. ఫిన్లో కాళ్ళు తన్నుకున్నాయి. తన్నుకోవడం మందగించింది. అప్పుడు గట్టు మీద సంచి మూలిగింది. ఇలియం జుట్టు వదిలేశాడు. ఫిన్లో దగ్గుతూ, నీళ్ళు కక్కుతూ అక్కడే పడి ఉన్నాడు. ఇలియం అటు చూడకుండా సంచి ఎత్తుకుని వ్యాను ఎక్కాడు.

పశువుల డాక్టరు కాలిస్టర్ అనే ఆవిడ. అతని మూతి చూసినా ముందు సంచే విప్పింది. పిల్లి వెనక చూసి అడిగింది.

"ఎవరు కుట్టారు?"

"నేనే."

"గొర్రెకు కుట్టినట్టు కుట్టావు. గొర్రెకు నువ్వు మూసేది పిల్ల వచ్చే దారి, పేడ దారి దానికి వేరే ఉంటుంది. దీనికి మూసింది పేడ దారే. లోపల వారం నాటి రాయి పెట్టుకుని బయట గొళ్ళెం వేశావు."

ఆ సంగతి ఇలియంకు తెలుసు. చేతులకే తెలియలేదు.

ఆవిడ మత్తుసూది వేసింది. కుట్లు కోసింది. ఎనిమా ఇచ్చి, వేలితో చిదిపి, గులకరాళ్ళలాంటి ఉండలు పళ్ళెంలోకి తీసింది. మాంసం అంచు నల్లబడింది. ఇంకో పూట ఆలస్యమైతే పేగు కోయాల్సివచ్చేదని చెప్పింది. లోపలికి సర్ది, చుట్టూ ఒకే దారం, సంచి మూతికి తాడు దూర్చినట్టు, పెన్సిలు పట్టేంత సందు వదిలి కట్టింది.

"బ్రీషీ రోజూ పోసే మందు ఎప్పుడు ఆపావు?"

 బ్రీషీని పాతిపెట్టి వచ్చిన రోజున ఇలియం ఆమె సీసాలన్నీ చేత్తో తోసి చెత్తగోతిలో పడేశాడు. ఆమె గుండె మందులు, నొప్పి మందులు. పిల్లి సీసా కూడా వాటిలోనే ఉంది. ఆ తరువాత తను తినగా మిగిలిన ఉప్పుచేప ముక్కలే దానికి విసిరాడు.

"నవంబరులో," అన్నాడు.

ఆవిడ చేతులు కడుక్కుంటూ చెప్పింది. పూటకో చెంచా మందు, గుమ్మడి గుజ్జు కలిపిన మెత్తని తిండి, రెండు పూటలా పొట్ట నొక్కి బయటికి తెప్పించడం. బతికినన్నాళ్ళూ అంతే.

"కరుస్తుంది," అంది.

"కరవనీ."

ఇంటికి తెచ్చిన మూడో రోజు పొద్దున మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పొట్ట నొక్కుతుంటే పిల్లి అదే బొటనవేలు, అదే పుండు మీద కొరికింది. అతను నొక్కడం ఆపలేదు. బండ మీద మెత్తటి ఉండ ఒకటి పడింది. ఇలియం దాన్ని చాలాసేపు చూశాడు.

ఆదివారం ఫిన్లో వచ్చాడు. చెయ్యి మెడకు కట్టుకుని, కుంటుతూ వచ్చి, తలుపు అవతల నిలబడ్డాడు.

"బతికిందా?" అని అడిగాడు.

తప్పులో సగం తనదని ఇలియంకు తెలుసు. ఆ సగానికి పిల్లి రోజుకు రెండు పూటలా కొరుకుతోంది. మిగతా సగం తలుపు బయట నిలబడి ఉంది. లేచి వెళ్ళి గడియ వేసి, మందు సీసా అందుకున్నాడు.