తలుపు ఊడదీసిన రోజు

కంపెనీ వాళ్ళు లోపలి కాఫీ కెటిల్‌ని మెట్ల మీదికి విసిరేశారు. వానలో దొర్లుకుంటూ వచ్చి లొరెట్టా కాళ్ళ దగ్గర ఆగింది.

కంపెనీ మనిషి గ్రేసన్ యూనియన్ హాలు తలుపుకి కొత్త తాళం బిగించి, గొడుగు కింద నిలబడి చేతులు తుడుచుకున్నాడు.

"ఇక్కడ ఆస్పత్రి పెడుతున్నాం. నొప్పులకి మందులిచ్చే డాక్టరు వస్తున్నాడు."

ఆ మందులేమిటో అక్కడ చేరిన గుంపులో అందరికీ తెలుసు. గనిలో నడుము విరిగిన వాళ్ళకి ఇచ్చిన, అలవాటైతే వదలని నొప్పి మాత్రలే ఈ కొండల్లో ఇంటికో శవాన్ని లేపాయి. లొరెట్టా కొడుకు వేడ్‌ని పొట్టన పెట్టుకున్నవీ అవే. కొడుకు పోయాక, మిగిలిన మాత్రలు ఆమె మింగింది. తర్వాత కొనుక్కుని మింగింది. ఈ హాల్లో, మాత్రలు మానాలనుకునే వాళ్ళ మీటింగులో రోజూ కూర్చుని కూర్చుని మానింది.

ఇప్పుడు కోపం రావాలి. రాలేదు. కెటిల్ తీసుకుని చంకలో పెట్టుకుంది. అంతే. కొడుకు పోయాక ఆమెలో అన్నీ మొద్దుబారిపోయాయి.

గనులు మూతపడి, యూనియన్ చెదిరిపోయాక హాలు కంపెనీ చేతికి పోయి పాడుబడింది. కప్పు కారేది, గోడలు బూజు పట్టేవి. మీటింగుకొచ్చే వీళ్ళే తుడిచారు, తారు పోశారు, వైర్లు మార్చారు. కుంగిన కప్పుకి ముసలి వెర్లిన్ గనిలో నిలబెట్టినట్టే దుంగలు నిలబెట్టాడు. మాత్రలు మానిన చేతులు వణుకుతూనే సున్నం కొట్టాయి.

చేసిన తప్పు ఒక్కటే. అప్పట్లో గ్రేసన్ హాలు వాడుకునే ఒప్పందం మీద పూర్తి పేరు రాయమన్నాడు. మీటింగులో ఎవరికీ ఇంటిపేరు ఉండదు. అది కట్టుబాటు. పేరు బయటపడితే ఉద్యోగం పోతుంది, పిల్లల్ని సర్కారు లాక్కుపోతుంది. అందుకే సంతకం లేకుండా, నోటిమాట మీద చేతిలో చెయ్యి వేసి సరిపెట్టుకున్నారు. ఇప్పుడా చెయ్యి గ్రేసన్ జేబులో ఉంది.

పెట్రోలు బంకు రేకుల కింద చేరి పోట్లాడుకున్నారు.

"చర్చి వాళ్ళని అడుగుదాం, ఓ గది ఇవ్వకపోతారా?" అన్నాడొకడు.

"ఇస్తారు! మనం లేచిన కుర్చీల్ని ఫినాయిలు పోసి కడుక్కుంటారు కూడా," అంది హోటల్లో వడ్డించే టాంసీ. "ఆ గోడలు నేను గీకాను. నా గోళ్ళు ఊడిపోయాయి. మాత్రలమ్మేవాడికి అప్పజెప్పి నేను పోను."

"కోర్టుకెళ్దామంటే పేరుండాలి కదే. ఎవడు పెడతాడు?" అన్నాడింకొకడు.

"ఒకడు పెడితే ఒకడిని నలిపేస్తారు," అన్నాడు వెర్లిన్. "సమ్మెలో చూశాను. పేరు పెడితే అందరం పెట్టాలి. లేదా నోళ్ళు మూసుకుని కొంపలకి పోవాలి."

అందరూ లొరెట్టా వైపు చూశారు. ఆమె స్కూలు బస్సు నడుపుతుంది. పేరు బయటికొస్తే ముందు పోయేది ఆ తాళంచెవులే. ఆ బస్సులో పిల్లల గోల తప్ప ఆమె బతుకులో ఇంకో చప్పుడు లేదు.

"నువ్వు వద్దులే అక్కా," అంది టాంసీ.

లొరెట్టా కెటిల్ కింద పెట్టింది. "తలుపు లేకపోతే తాళం ఎక్కడ వేస్తారు?"

వెర్లిన్ పకపకా నవ్వాడు. "సుత్తి తేరా ఎవడన్నా!"

మర్నాడు మధ్యాహ్నం హాలు తలుపు బందుల చీలలు కొట్టేశారు. లొరెట్టా ఓ పక్క పట్టింది. తాళంతో సహా తలుపు చేతుల్లోకి వచ్చింది. చెక్క పేడు ఒకటి అరచేతిలో దిగింది. నొప్పి తెలియలేదు. తలుపుని లోపలికి మోసుకెళ్ళి, బల్లలా పరిచి, దాని మీదే కెటిల్ పెట్టి, కుర్చీలు వేసి మీటింగు మొదలెట్టారు.

కాసేపటికి గ్రేసన్ పోలీసు డాయిల్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఊళ్ళో సగం మంది వాళ్ళ వెనకే వచ్చి రోడ్డు మీద నిలబడ్డారు.

"ఇక్కడ పెద్ద ఎవరు?" అన్నాడు డాయిల్.

"పెద్దలు లేరు, పెద్ద కెటిలుంది. తాగుతావా?" అంది టాంసీ.

లోపలా బయటా నవ్వులు. డాయిల్ నవ్వలేదు. లొరెట్టాని చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"మా పాప మీ బస్సులోనే వస్తుందమ్మా. నేను మిమ్మల్ని చూడలేదు. వెనక నుంచి వెళ్ళిపోండి."

మంచివాడే. ఉత్తర్వులు మోసే మంచివాడు. లొరెట్టా లేచింది. వెనక్కి కాదు, తలుపు లేని గుమ్మంలోకి నడిచింది. రోడ్డు మీద జనంలో స్కూలు వాళ్ళు కూడా ఉన్నారు.

"నా పేరు లొరెట్టా," అంది, రోజూ మీటింగులో చెప్పినట్టే. "లొరెట్టా స్టాంపర్. వేడ్ స్టాంపర్ వాళ్ళమ్మని. నేను మాత్రలకి బానిసని. ఈ హాలు మాది."

ఇంటిపేరు విని లోపలున్న వాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. ఆ తర్వాత, రోజూ ఇచ్చే జవాబే, ఒక్క గొంతుతో వచ్చింది.

"రా లొరెట్టా!"

పట్టుకోమని గ్రేసన్ అరిచాడు. డాయిల్ నేల చూపులు చూస్తూ బేడీలు బయటికి తీశాడు. లొరెట్టా ముందు బస్సు తాళంచెవులు తీసి అతని చేతిలో పెట్టింది.

"స్కూల్లో ఇచ్చెయ్యి బాబూ. ఎక్కేటప్పుడు మీ పాప బూట్ల లేసులు చూడమని కొత్త డ్రైవరుకి చెప్పు, ఎప్పుడూ ఊడిపోతాయి."

పోలీసు కారు దాకా నడిచేసరికి వెనక వెర్లిన్ గొంతు మొదలైంది. "నా పేరు వెర్లిన్. వెర్లిన్ హాస్కిన్స్." రా వెర్లిన్! తర్వాత టాంసీ. తర్వాత రోడ్డు మీద నుంచి ఓ ఆడమనిషి. ఎన్నడూ మీటింగు గడప తొక్కని మనిషి. మెట్లెక్కుతూ తన పేరు చెబుతోంది.

డాయిల్ రెండో బేడీ నొక్కాడు. అరచేతిలో పేడు ఇప్పుడు చురుక్కుమంది.

"నొప్పా?" అన్నాడతను కంగారుగా.

"అవును," అంది లొరెట్టా.