మధ్యగోడ మీద అద్దం

గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఊరి చివర ఆ వీధిలో గోడలకు నోళ్ళు కూడా ఉండేవి. పన్నెండు ఇళ్ళు, ఒకటే వరస, ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. ఇటు ఎవరైనా తుమ్మితే అటునుంచి "నూరేళ్ళు" అనేవారు.

అయిదో ఇంట్లో పెద్దావిడ, బట్టలు కుట్టే కోడలు, ఆరేళ్ళ మనవరాలు ఉండేవారు. కొడుకు లారీ మీద తిరిగి వారానికోసారి వచ్చేవాడు. పెద్దావిడ జన్మలో ఏడు అద్దె కొంపలు మారింది. ఏడు చోట్లా "గోడకి మేకు కొట్టొద్దు" అనిపించుకుంది. ఈ ఎనిమిదోది సొంతం. చేరిన రోజే ఇంత పొడుగు మేకు కొట్టి భర్త ఫోటో తగిలించింది, ఎవడడుగుతాడో చూస్తానంటూ.

ఆరో ఇంటివాళ్ళు నీళ్ళతొట్టి కోసమని పునాది పక్కనే గొయ్యి తవ్వారు. నెల తిరక్కుండా మధ్యగోడలో జెర్రిలా బీట పాకింది. మేస్త్రి వచ్చి, బీటకు అడ్డంగా వేలెడు గాజుముక్క పెట్టి, రెండు కొసలా సిమెంటుతో అతికించాడు.

"నెల చూద్దాం పెద్దమ్మా. అద్దం ఇలాగే ఉందా, బీట ఆగినట్టే, పూడ్చేస్తా. పగిలిందా, గోడ ఇంకా కదులుతున్నట్టు. అప్పుడు రెండిళ్ళూ ఖాళీ చెయ్యాల్సిందే."

పన్నెండో రోజు పొద్దున, కోడలు పాలకు వెళ్ళినప్పుడు పెద్దావిడ చూసింది. అద్దం రెండు ముక్కలు. మళ్ళీ మూటలా? మళ్ళీ ఎవరి గోడలో, ఎవరి మేకులో?

భర్త ఫోటో దించింది. ఆ ఫోటో అద్దం ఊడదీసి, పాతగుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, వేలెడు ముక్క ఏరుకుంది. మేస్త్రి వదిలిపోయిన సిమెంటు తడిపి, పాతది పీకి కొత్తది అతికించింది. "ఏమనుకోకండి, ఇంటి కోసమే" అని ఫోటోకి సర్దిచెప్పి, మళ్ళీ మేకుకు తగిలించింది.

ఆ రాత్రి నుంచి మనవరాలిని మంచానికి ఈ వైపు జరిపి, గోడవైపు తాను పడుకుంది. "అటు చల్లగా ఉంటుందే" అంది. కంటి మీద కునుకు లేదు.

నెల నిండాక మేస్త్రి వచ్చి, గుమ్మంలోంచే తొంగిచూశాడు.

"చెక్కు చెదరలేదు! అదృష్టవంతులు."

కోడలి మొహం చాటంత అయింది. "అత్తయ్యా, పిల్ల మంచం గోడకి ఆనించేద్దాం. ఇటు నా మిషను పడుతుంది."

మేస్త్రి సిమెంటు కలుపుతున్నాడు. బీట పూడ్చేశాక ఆ గోడ కడుపులో ఏముందో ఇంకెవరికీ తెలియదు.

"గోడవైపు నేనే," అంది మనవరాలు. "నానమ్మ అసలు పడుకోదు. గోడకి చెయ్యి పెట్టి కూర్చుంటుంది."

"మీ నానమ్మే గోడని మోస్తోందన్నమాట!" అని మేస్త్రి నవ్వి తాపీ ఎత్తాడు.

"ఆగు నాయనా. అది నువ్వు పెట్టిన అద్దం కాదు."

మేస్త్రి గోటితో అంచు తడిమి చూశాడు. రంపంలా ఉంది. కోడలు ఫోటో దగ్గరకు వెళ్ళి వేలు పెట్టింది. వేలికి వట్టి కాగితం తగిలింది.

"ఎప్పుడు పగిలింది?"

"పన్నెండో రోజే."

"పద్దెనిమిది రాత్రులు! పిల్లని పక్కన పెట్టుకుని!"

"మధ్యలో నేనున్నానుగా."

"మీరా? గాలేస్తే మీరే పడతారు, మీరు గోడని ఆపుతారా?" కోడలు పిల్లను లాగి చంకనేసుకుంది.

అవతలనుంచి ఆరో ఇంటావిడ గొంతు. "ఏమైందండీ పిన్నిగారూ?"

పెద్దావిడ గోడకు నోరు ఆనించి చెప్పింది. "బయటికి రామ్మా, పిల్లల్ని తీసుకుని. ఉన్నపళంగా రా. తప్పు నాదే, తరవాత తిట్టుకుందువు గాని."

గోడకు ఊతం పెట్టే దుంగల కోసం మేస్త్రి పరుగెత్తాడు. పెద్దావిడ ఫోటో దించి కొంగులో చుట్టుకుంది. మేకును మాత్రం పీకలేదు.